రూపకర్తకు ఒక్క కార్ఖానా చాలునా?

పసుపు త్రవ్వకము ముగిసి కల్లములలో కొమ్ములు ఎండుచున్న దినములలో మా ఆర్మూరు రైతుకు క్షణము తీరిక యుండదు. అట్టి దినములలో ఒక సాయంకాలము సమీపగ్రామపు రైతు ఒకరు, వ్రేళ్ల కంటిన పసుపు వదలకయే, కుమారుని వెంటబెట్టుకొని మా యింటికి వచ్చిరి. కుమారుడు వస్తురూపకల్పన, అనగా లోకులు ఇండస్ట్రియల్ డిజైన్ అను విద్యను చదివినవాడు. ఒక నీటిపంపుల కార్ఖానాలో మూడేండ్లు పనిచేసి, దానిని విడిచి, ఆసుపత్రి మంచములు చేయు సంస్థలో చేర సంకల్పించెను. పాత యజమానులు అతడు సంతకము చేసిన కాగితమొకటి చూపి, తమ్ము విడిచిన రెండేండ్లవరకు మరెచ్చటను ఈ వృత్తి చేయరాదని బెదిరించిరట.

తండ్రి యావేదన కాగితమును గూర్చి కాదు. "వకీలుసాబ్, పంపులు నేర్చినోడు పంపులే చెయ్యాలె గదా! ఇయ్యాల పంపంటడు, రేపు మంచమంటడు, ఎల్లుండి ఇంకేమంటడో. వీనికే నిలుకడ లేదా, ఆ చదువే అసుంటిదా?" అని వారు మమ్మడిగిరి.

కాగితమునకు సమాధానము చట్టములో కలదు. దానిని తుదను విన్నవించెదము. తండ్రిగారి ప్రశ్న మాత్రము ఒక్క కుటుంబమునకు సమాధానము చెప్పి ఊరకుండదగినది కాదు. కుమారులను, కుమార్తెలను ఈ విద్యకు పంపుచున్న ప్రతి గృహమునందును అదే సందేహము మెదలుచున్నది. అందుచేత దానిని పాఠకమహాశయుల యెదుట బహిరంగముగ విచారింప బూనితిమి.

వస్తురూపకల్పన యనగా సిద్ధమైన వస్తువునకు రంగుపూత వేయుట యని మనలో పలువురు తలచుచున్నారు. అది పొరపాటు. వస్తువు చేతికెట్లు అందవలెను, ఎంత యెత్తున నుండవలెను, ఏ పదార్థముతో చేసిన తక్కువ వ్యయమున ఎక్కువకాలము మన్నును, చెడినచో పల్లెలోని మెకానిక్కు దానిని విప్పి బాగుచేయగలడా, అక్షరము రాని అవ్వ చూచినంతనే దానిని వాడుక చేసికొనగలదా - ఈ ప్రశ్నల కెల్ల ఏకకాలమున సమాధానము చెప్పు ఆకృతిని కనుగొనుటయే ఆ విద్య. యంత్రమును నడచునట్లు చేయుట ఇంజనీరు పని. ఆ యంత్రము మనిషితో కుదురునట్లు చేయుట రూపకర్త పని. 1958లో భారతప్రభుత్వపు పిలుపుపై మన దేశమును చూచి నివేదిక వ్రాసిన అమెరికా రూపకర్తలు చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ దంపతులు, మన వస్తువులలో మిక్కిలి మెచ్చుకొన్నది మన యింటి చెంబును. ఏ యొక్కరో గీచి యిచ్చినది కాక, తరతరముల చేతులలో నలిగి కుదురుకొన్న రూపమది. ఆ నివేదికకు ఫలముగ 1961లో అహమ్మదాబాదున జాతీయ డిజైన్ సంస్థ నెలకొన్నది. 1969లో బొంబాయి ఐ.ఐ.టి.లో ఇండస్ట్రియల్ డిజైన్ సెంటరు వెలసినది. 2015లో ఆంధ్రప్రదేశమునందును జాతీయ డిజైన్ సంస్థ ఆరంభమైనది. మన సంగారెడ్డికి చేరువనున్న కందిలో, హైదరాబాదు ఐ.ఐ.టి.యందును డిజైన్ శాఖ కలదు. కావున ఇది దూరదేశపు విద్య యని త్రోసివేయుటకు వీలులేదు.

ఈ విద్య లేకుండుటవలన కలుగు నష్టమెట్టిదో తెలిసికొనుటకు మన జిల్లా చరిత్రయే చాలును. కమ్మరిపల్లి ప్రాంతమున కోనసముద్రమను గ్రామము కలదు. మూసలలో కరగించి తీసిన అచ్చటి ఉక్కు ఒకప్పుడు ఖండాంతరఖ్యాతి గాంచినది. పందొమ్మిదవ శతాబ్దపు మొదటి పాదమున ఆ గ్రామమును చూచిన డాక్టరు వోయిసీ అను ఆంగ్లేయుడు అచ్చటి కొలుములను గూర్చియు, ఉక్కు కొనిపోవుటకు పారశీకమునుండి వచ్చు వర్తకులను గూర్చియు వ్రాసియున్నాడు. మన కమ్మరులు చేసినది ఉక్కుముద్ద. ఆ ముద్దను ఖడ్గముగ మలచినవారు, దానికి అంచును, పిడిని, మెరుగును ఇచ్చినవారు పరదేశములవారు. లోకము ఆ ఖడ్గములను డమాస్కసు పేర కీర్తించినది. కోనసముద్రము పేరు నేటికిని పండితులు తప్ప ఎరుగరు. ముద్ద యమ్మినవానికి కూలి దక్కినది. రూపమిచ్చినవానికి కీర్తియు, లాభమును దక్కినవి. నేడు మన పసుపు కొమ్ములు గోతములలో నిజామాబాదు మార్కెట్ యార్డునకు పోయి, అచ్చటినుండి దేశదేశములకు పోవుచున్నవి. వాని తోవ కోనసముద్రపు ఉక్కుతోవయే కాదా యని మేము ప్రశ్నించుచున్నాము.

ఇక తండ్రిగారి సందేహము. పంపులు నేర్చినవాడు పంపులే చేయవలెనా? మేము వారిని తిరిగి యొక ప్రశ్న యడిగితిమి: "మీ యూరి కమ్మరి గడ్డపార మాత్రమే చేయునా?" గడ్డపార సాగగొట్టిన చేతులే కొడవలికి కక్కులు కొట్టును, బండిచక్రమునకు పట్టా తొడుగును, తలుపునకు గొళ్లెము బిగించును. అతనిని నిలుకడ లేనివాడని ఊరిలో ఎవ్వరు ననరు. ఇనుము ఏ వేడికి వంగునో, ఏ దెబ్బకు విరుగునో ఎరిగియుండుటయే అతని విద్య. వస్తువులు మారును, విద్య మారదు. పెద్ద కార్ఖానాలు వచ్చిన పిదప ఒక్కొక్క మనిషి ఒక్కొక్క మరకు కట్టువడెను గాని, రూపకర్త వృత్తి మాత్రము నేటికిని ఆ పాత కమ్మరి వృత్తినే పోలియున్నది.

విదేశముల చరిత్ర చూడుడు. మన కచేరీలలో చిరకాలము తీర్పుల నకళ్లు తీసిన గెస్టెట్నరు యంత్రమును మా వృత్తిలోని పెద్దలు మరచియుండరు. దాని పాతరూపమున మరలన్నియు బయటనే యుండి దుమ్ముపట్టుచుండెడివి. కాళ్లు వెలికి చాచుకొనియుండి నడచువారికి అడ్డు తగులుచుండెడివి. 1929లో దానికి కొత్త రూపమిచ్చినవాడు రేమండ్ లోయీ. అతడు ఫ్రాన్సున ఇంజనీరింగు చదివి, అమెరికాకు పోయి, పత్రికలకు వేషధారణల బొమ్మలు గీచుచు జీవించినవాడు. బంకమన్నుతో ఆ యంత్రమును కప్పి, దిద్ది, లోపలి మరలను పెట్టెలో దాచి, కాళ్లను సవరించెను. ఆ పిదప శీతలపేటికలకు, రైలు ఇంజన్లకు, మోటారుకార్లకు, తుదకు అంతరిక్షమున తిరుగు స్కైలాబునకు సైతము అతడు పనిచేసెను. స్కైలాబులో నివసించువారికి బయటి లోకము కనుపించునట్లు కిటికీ యుండవలెనని పట్టుపట్టినవారిలో అతడొకడు. నకళ్ల యంత్రమునకు కాళ్లు సవరించినపుడు అతడు చూచినది మనిషిని; అంతరిక్షనౌకకు కిటికీ కోరినపుడు చూచినదియు మనిషినే. పైన పేర్కొన్న ఈమ్స్ దంపతులును అట్టివారే. రెండవ ప్రపంచయుద్ధమున గాయపడిన నావికుల కాళ్లకు కట్టుటకు 1942లో వారు పలుచని చెక్కపొరలను వంచి బద్దలు చేసిరి. యుద్ధము ముగియుసరికి ఆ చెక్కను వంచు విద్య వారిని కుర్చీల పరిశ్రమకు కొనిపోయినది. వారి కుర్చీలు నేటికిని అమ్ముడుపోవుచున్నవి. వైద్యపరికరమునుండి గృహోపకరణమునకు దారి ఆ విధముగ పడినది.

అంతదూరము పోనేల? 2019 ఏప్రిల్ 11వ తేదీని మన జిల్లావారు మరువగలరా? పసుపునకు గిట్టుబాటు ధర, పసుపు బోర్డు కోరుచు, పసుపు, ఎర్రజొన్న రైతులు నూటడెబ్బదిమందికి పైగా లోక్‌సభకు నామినేషనులు వేసిరి. మొత్తము 185 మంది బరిలో నిలిచిరి. ఒక్కొక్క ఓటింగు పెట్టెపై 16 పేర్లకే చోటు. అందుచేత ప్రతి పోలింగు కేంద్రమునను 12 పెట్టెలను వరుసగ పేర్చవలసివచ్చినది. మన అవ్వలు, తాతలు ఆ వరుస వెంట నడచి, గుర్తును వెదకి, మీట నొక్కి వచ్చిరి. ఆ ఓటింగు యంత్రపు తొలిరూపమును 1979లో తీర్చినది మన హైదరాబాదులోని ఈ.సి.ఐ.ఎల్. సంస్థ. ఓటరు చేతికి, కంటికి అది కుదురునట్లు రూపకల్పన చేసినవారు బొంబాయి ఇండస్ట్రియల్ డిజైన్ సెంటరు అధ్యాపకులు ఏ.జి. రావు, రవి పూవయ్య గార్లు. వీరిలో రావుగారు వెదురు పనివారితో కలసి, వెదురు వస్తువులకు కొత్త రూపములు కూర్చుటకు చిరకాలము కృషిచేసినవారు. ఒకచోట గణతంత్రపు ఓటుపెట్టె, ఒకచోట మేదరి చేతి వెదురు. ఈ రెండింటికి పొత్తేమి యని అడుగవచ్చును. చదువుతో నిమిత్తము లేక పనివాని చేయి, వాడువాని చేయి ఎట్లు కదలునో ఎరుగుటయే ఆ పొత్తు.

కళాశాల చదువు లేనివారికిని ఈ సూత్రము చెల్లును. ఆలేరు సమీపమున శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశముగారి చరిత్ర జగద్విదితము. ఒక పోచంపల్లి చీరకు ఆసు పోయుటకు వారి తల్లి లక్ష్మమ్మగారు దాదాపు 9,000 మారులు చేయి ఆడింపవలసివచ్చెడిది. దినమునకు రెండు చీరలైనచో 18,000 మారులు. తల్లి భుజపు నొప్పి చూడలేక 1992లో వారు యంత్రము చేయ మొదలిడిరి. అప్పులు పెరిగెను, ఊరివారు నవ్విరి. పొట్టకూటికై హైదరాబాదు చేరి విద్యుత్తుపనులు చేయుచు, కూడబెట్టినది యంత్రమునకే వెచ్చించిరి. ఒక్క కదలిక మాత్రము ఎంతకును కుదురలేదు. 1999లో బాలానగరులో పనికి పోయినపుడు, అచ్చట నడచుచున్న వేరొక యంత్రపు కదలిక కంటబడగా, తమ చిక్కు విడిపోయినది. మగ్గముల నడుమ దొరకని సమాధానము అన్య పరిశ్రమలో దొరకినది! 2017లో వారికి పద్మశ్రీ వచ్చినది. శారాజీపేట దాటకుండ కూర్చున్నచో వారికి ఆ కదలిక కనుపించియుండునా యని తండ్రిగారు ఆలోచింపవలెను.

ఇక మన యూరి పనులకే వత్తము. పసుపు కొమ్ములను ఒకప్పుడు పెద్ద కడాయిలలో, నీటిలో ఉడికించెడివారు; ఇప్పుడు ఆవిరి బాయిలరు చేనికి చేను తిరుగుచున్నది. ఉడికినది పది పదునైదు దినములు ఎండవలెను. ఎండినది పీపాలో వేసి త్రిప్పి మెరుగు పెట్టవలెను. ఈ మూడు పనులలో ప్రతిదానియందును మనిషి ఒళ్లు నలుగుచున్నది. గంపను ఎంత యెత్తునకు ఎత్తి బాయిలరులో గుమ్మరింపవలెను? మూత తీయునపుడు ఆవిరి ఎవరి ముఖమునకు కొట్టును? ఉడికిన కొమ్ము నేలపై పడునా, బండిలో పడునా? బాయిలరు చేయువారు ఇనుము నెరుగుదురు గాని, ఈ ప్రశ్నలు అడుగుట వారి వాడుకలో లేదు. ఒత్తిడి తగ్గనిదే మూత తెరువబడకుండుట యెట్లో ఆసుపత్రిలో పరికరములను ఆవిరిపట్టించు పెట్టెలపై పనిచేసినవాడు ఎరుగును. మితిమీరిన ఆవిరి తనంతట వెలికిపోవు ఉపాయము వంటింటి ప్రెషరు కుక్కరు చేయువాడు ఎరుగును. పని యెత్తు ఎంతయుండిన నడుము నొవ్వదో మంచములు, బల్లలు చేసినవాడు ఎరుగును. ఈ ముగ్గురి యెరుక ఒక్క మనసులో చేరిననాడు మన పసుపు బాయిలరు మారును. పంపులనుండి మంచములకు పోవు కుమారుడు మనకు దూరమగుట లేదు. చుట్టుతిరిగి మన కల్లమునకే వచ్చుచున్నాడు.

బీడీలు చుట్టు అక్కచెల్లెండ్రను గూర్చి వేరుగ చెప్పవలెనా? మన జిల్లాలో వేలకొలది గృహములందు స్త్రీలు ఒడిలో చాట పెట్టుకొని, మెడ వంచి, దినమెల్ల తునికాకు చుట్టుచున్నారు. ఆ చాటను, ఆ కూర్చుండు తీరును, ఆకు కత్తిరించు కత్తెరను ఏ రూపకర్తయైన ఒక వారము కూర్చుండి చూచెనా? ఆ పని ఉండతగినదా కాదా యను చర్చ వేరు. ఉన్నంతకాలము మెడలు విరుగనక్కరలేదు. దానికి కావలసిన నేర్పు పొగాకు వ్యాపారమున దొరకదు. కుట్టుమిషను, గడియారముల బాగుచేతవంటి సూక్ష్మపు పనుల పీటలను చూచినవానికడ దొరకును.

ఇట్లనుటవలన ప్రతి ఆరుమాసములకు పని మానుటను మేము సమర్థించుచున్నామని యెవ్వరు ననుకొనరాదు. తిరిగెడు కాలు వేరు, నేర్చుకొనెడు కాలు వేరు. రెండు పడవలపై కాళ్లుంచినవాడు నీటబడును. ఒక పడవ నడుపుట నేర్చి మరియొక పడవ ఎక్కినవాడు నది దాటును. యువకులకు మా మనవి యిది. మొదటి మూడు నాలుగేండ్లు ఒక్క పదార్థమును, ఒక్క పద్ధతిని లోతుగ నేర్చుకొనుడు. రేకు వంచుటయో, ప్లాస్టికు అచ్చు పోయుటయో, చెక్కపనియో, ఏదైనను కార్ఖానా నేలపై నిలిచి నేర్చుకొనుడు. కంప్యూటరు తెరపై గీచినది అచ్చులో ఎందుకు పగులునో పనివానిని అడిగి తెలిసికొనుడు. పిదప మారునపుడు ఒక్కసారి అన్నియు మార్చకుడు: పదార్థమును నిలుపుకొని పరిశ్రమను మార్చుడు, లేదా వాడువారిని నిలుపుకొని పదార్థమును మార్చుడు. ప్రతి పనిలోను చేసిన తప్పులను, వాని కారణములను పుస్తకమున వ్రాసియుంచుడు; కొత్త యజమానికి మీ అందమైన బొమ్మలకంటె ఆ పుస్తకమే మిమ్ము ఎక్కువగ పరిచయము చేయును. మారినపుడెల్ల మొదట కొంత జీతము తగ్గవచ్చును. చదువుకు అప్పు చేసిన గృహమునకు అది చిన్నమాట కాదు. కావున అప్పు తీరు లెక్క చూచుకొనియే అడుగు వేయుడు. ఈ కష్టమును దాచి ప్రోత్సహించుట మాకు తగదు.

ఇక కాగితము మాట. 1872 నాటి కాంట్రాక్టు చట్టము 27వ సెక్షను ప్రకారము, ఒక మనిషి న్యాయమైన వృత్తిని చేయకుండ అడ్డగించు ఒడంబడిక ఆ మేరకు చెల్లదు. కొలువులో నున్నంతకాలము ఇతరులకు పనిచేయనను షరతు చెల్లునని సుప్రీంకోర్టు 1967లో తీర్పు చెప్పినది. కొలువు విడిచిన పిదప బ్రతుకుతెరువునకు అడ్డుపడు షరతు వేరు. శిక్షణ వ్యయమునకై ఇంతకాలము పనిచేయుదును, లేనిచో ఇంత సొమ్ము చెల్లింతునను పత్రము మరియు వేరు. అది న్యాయమైన మితిలో నున్నచో చెల్లవచ్చును. కావున సంతకము చేయుటకు ముందే చదువుడు. యజమాని హక్కును మనమును మన్నింపవలెను. జీతమునకు చేసిన రూపము సాధారణముగ యజమాని సొత్తు. అతని రహస్యములను, లెక్కలను మరియొకచోటికి మోసికొనిపోవుట ద్రోహము. చేతినేర్పు మాత్రము మీది; దానిని ఏ పత్రమును తాకట్టు పట్టలేదు. ఇంకొక మాట. స్వంతముగ కనుగొనిన రూపమును 2000 సంవత్సరపు డిజైన్ల చట్టము క్రింద నమోదు చేసికొనినచో మొదట 10 ఏండ్లు, పిదప మరి 5 ఏండ్లు రక్షణ లభించును. అయితే దరఖాస్తునకు ముందే దానిని లోకమునకు చూపినచో కొత్తదనము పోయి హక్కు జారిపోవచ్చును. సంతలో చూపుట తరువాత, దరఖాస్తు ముందు.

ఇవి వ్యక్తులు చేయవలసినవి. సంఘము చేయవలసినవియు కలవు. రైతుల చిరకాలపు పోరాటమునకు ఫలముగ 2025 జనవరి 14న జాతీయ పసుపు బోర్డు నిజామాబాదు కేంద్రముగ ఆరంభమైనది. ధరలు, ఎగుమతులతోపాటు పసుపు పనిముట్ల రూపమును సైతము అది తన కర్తవ్యముగ గ్రహింపవలెను. పంటకాలమున ఇద్దరు ముగ్గురు యువ రూపకర్తలకు కల్లములలో నిలిచి చూచు అవకాశమును, స్వల్ప భృతిని కల్పించుట గొప్ప వ్యయము కాదు. మాదిరి వస్తువులు చేసి చూచుకొనుటకు హైదరాబాదున 2023 మార్చిలో ప్రారంభించిన టి-వర్క్స్ కేంద్రము కలదు. అచ్చటి యంత్రములకు, ఇచ్చటి కల్లములకు నడుమ దారి వేయువారు కావలెను. మన బాయిలరు తయారీదారులు రూపకర్తకు ఇచ్చు జీతమును దండుగ యని తలపరాదు. మన పఠనాలయములలో చట్టములు, పురాణములు, వార్తాపత్రికలతోపాటు ఈ విద్యనుగూర్చిన పుస్తకములు నాలుగైన నుండవలెను. తలిదండ్రులు, సంబంధము చూచువారు, "ఎన్ని కార్ఖానాలు మారినాడు?" అని కాక "ప్రతిచోటను ఏమి నేర్చినాడు?" అని యడుగుట అలవరచుకొనవలెను.

ఆ సాయంకాలము తండ్రిగారు మా మాటలన్నియు ఒప్పుకొనిరని చెప్పజాలము. వెడలునపుడు కుమారునితో, "మంచాలు చేసుకో పో. గని వచ్చే ఏడు బాయిలర్ వచ్చినప్పుడు వారం దినాలు ఇంటికాడ ఉండాలె" అని మాత్రమనిరి. అతడు వల్లెయనెను. మన యువకులు బ్రతుకుతెరువునకై గల్ఫు దేశములకు పోవుటను చిరకాలమునుండి చూచుచున్నాము. వారిని ఆపు శక్తి మాకు లేదు. పరిశ్రమనుండి పరిశ్రమకు పోవు బిడ్డనైనను నిందింపక పంపుదము. అతడు తెచ్చు నేర్పునకు మన కల్లములో చోటుంచుదము. ముద్దలమ్మి పేరు పోగొట్టుకొనిన కోనసముద్రపు గతి మన పసుపునకు పట్టకుండుటకు ఇంతకంటె దగ్గరి దారి మాకు తోచుట లేదు.